మొదటి సెమిస్టర్, ఇంటికి దూరం: మిడ్స్‌లో దెబ్బతిన్నాక ఎవరితో చెప్పుకోవాలి?

సిక్కోలు_కుర్రాడు
అక్టోబరు 7, 2025, రాత్రి 11:52

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం, ఇంటర్ విజయవాడలో రెసిడెన్షియల్. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఉత్తరాదిలో ఒక ఎన్ఐటీలో మెకానికల్ సీటు వచ్చింది. ఆగస్టులో చేరాను. మా ఊళ్ళో ఇలాంటి సీటు ఇంతకుముందు ఎవరికీ రాలేదు. అందుకే బయలుదేరేటప్పుడు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా చాలామందే వచ్చారు.

మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) మార్కులు వచ్చాయి. మ్యాథ్స్‌లో 30కి 9. సీ ప్రోగ్రామింగ్‌లో 11. ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లు కొన్ని ఇంకా ఇవ్వనేలేదు. క్లాసులో సార్ చెప్పేది సగం దాకా అర్థమవుతుంది. తర్వాత ఆయన హిందీలోకి వెళ్ళిపోతారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. డౌట్ అడగాలంటే ముందు తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ఇంకో లెక్క మొదలైపోతుంది.

రూమ్మేట్లు ఇద్దరూ మంచివాళ్ళే. ఒకడిది పట్నా, ఒకడిది కోటా దగ్గర. కానీ మనసులో మాట చెప్పుకునేంత భాష లేదు మా మధ్య. దసరాకి టికెట్ దొరకలేదని ఇంట్లో చెప్పాను. నిజానికి వెళ్ళాలనిపించలేదు, అందరూ మార్కులు అడుగుతారని.

నాన్న రోజూ రాత్రి ఫోన్ చేస్తారు. "బాగా రాశావా?" అంటారు. "బాగానే రాశాను" అంటున్నాను. ఫోన్ పెట్టేశాక నిద్ర రావడం లేదు. ఇలా నాకొక్కడికేనా? ఇక్కడినుంచి మళ్ళీ నిలబడడం కుదురుతుందా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

థర్డ్‌ఇయర్_సివిల్
అక్టోబరు 8, ఉదయం 6:40

తమ్ముడూ, నేనూ తెలుగు మీడియంలోంచే వచ్చాను, వేరే రాష్ట్రంలోనే చదువుతున్నాను. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే టెన్షన్‌లో మనం మార్కుల్ని సరిగ్గా లెక్కపెట్టుకోం.

మీ దగ్గర మిడ్ 30, ఎండ్ సెమ్ 50, క్విజ్‌లూ అసైన్‌మెంట్లూ 20 అయితే (చాలాచోట్ల దాదాపు ఇలాగే ఉంటుంది, మీ కోర్సు ప్లాన్‌లో చూసుకో) నువ్వు పోగొట్టుకున్నది 21 మార్కులు. ఇంకా 70 నీ చేతిలో ఉన్నాయి. పైగా రిలేటివ్ గ్రేడింగ్ (క్లాసులో మిగతావాళ్ళతో పోల్చి గ్రేడు ఇవ్వడం) అయితే 9 అనే అంకెకు విడిగా అర్థం లేదు. క్లాసు సగటు ఎంతో కనుక్కో. సగటు 13 అయితే నువ్వు అనుకుంటున్నంత వెనక లేవు. సగటు 22 అయితే కష్టపడాలి, కానీ అదైనా కనీసం తెలుస్తుంది.

డ్రాయింగ్ షీట్లు మాత్రం ఈ వారమే ఇచ్చెయ్. తెలివితేటలతో పనిలేకుండా, కూర్చుంటే వచ్చే మార్కులవి. ప్రొజెక్షన్ ఆఫ్ లైన్స్ దగ్గర ఆగిపోయి ఉంటావు, అందరూ అక్కడే ఆగుతారు. రెండు పెన్సిళ్ళు టేబుల్ మీద పెట్టి, పుస్తకాన్ని గోడలా నిలబెట్టి చూస్తే అర్థమవుతుంది. మళ్ళీ అడుగు, ఫొటోలు తీసి పెడతాను.

పాలమూరు_పిల్ల
అక్టోబరు 8, ఉదయం 8:15

నీకొక్కడికే కాదు. నేను హైదరాబాద్‌లోనే ఉన్నా, ఇంటికి బస్సులో మూడు గంటలే, అయినా ఇదే పరిస్థితి. ఫస్ట్ మిడ్‌లో మ్యాథ్స్ పోయింది. మా క్లాసులో ఎవర్నడిగినా "ఏం చదవలేదు" అంటారు, తర్వాత చూస్తే మంచి మార్కులు. నిజం చెప్పేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. నీ పోస్టు చదివాక కొంచెం ఊపిరాడింది.

లెక్కల_మాస్టారు_తెనాలి
అక్టోబరు 8, ఉదయం 10:05

నేను రిటైరైన జూనియర్ లెక్చరర్‌ని. ఇలాంటి పిల్లల్ని ఏళ్ళతరబడి చూశాను. బాబూ, నీ సమస్య బుర్రలో లేదు, దినచర్యలో ఉంది.

ఇంటర్ రెసిడెన్షియల్‌లో తెల్లవారుజామున లేపుతారు. స్టడీ అవర్ వాళ్ళే పెడతారు, ఏ చాప్టర్ చదవాలో వాళ్ళే చెప్తారు, వారం వారం పరీక్ష వాళ్ళే పెడతారు. రెండేళ్ళపాటు పిల్లవాడు తన రోజును తాను నడుపుకున్నదే లేదు. తర్వాత ఒక్కసారిగా ఎవరూ లేపని, ఎవరూ అడగని చోటికి వెళ్తాడు. పైగా ఇంటర్‌లో నేర్పింది నాలుగు జవాబుల్లోంచి ఒకటి గబగబా పట్టుకోవడం. ఇంజనీరింగ్‌లో కేలీ-హామిల్టన్ సిద్ధాంతం అడిగితే మొదటి మెట్టు నుంచి చివరిదాకా రాయాలి. రెండూ వేరు వేరు విద్యలు. అది ఎవరూ ముందు చెప్పరు.

నీ దగ్గర తెలుగు అకాడమీ ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1ఏ ఉంటే ఇంటినుంచి తెప్పించుకో. మాత్రికల అధ్యాయం ముందు అందులో చదివి, తర్వాత మీ ఐగెన్ విలువల దగ్గరికి వెళ్ళు. మామూలుగా అనిపిస్తుంది. ఇంకో మాట, కఠినంగా చెప్తున్నాను: రాత్రి పదిన్నర తర్వాత ఫోన్ నీ చేతిలో ఉండకూడదు. ఈ పోస్టు రాసిన సమయం చూశాను.

కరీంనగర్_సీనియర్
అక్టోబరు 8, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. దినచర్య మాట నిజమే. కానీ రాత్రి పన్నెండుకు ఇక్కడికొచ్చి రాశాడంటే ఫోన్ అలవాటు వల్ల కాదు, పక్కన మాట్లాడే మనిషి లేక. ఆ ఫోన్ కూడా తీసేస్తే పొద్దున దాకా ఒక్కడే పైకప్పు చూస్తూ పడుకుంటాడు. ముందు మనిషి దొరకాలి, తర్వాతే టైమ్‌టేబుల్.

తమ్మీ, ఈ రోజు ఒక్క పని చెయ్. నీ మార్కులు ఉన్నవి ఉన్నట్టు ఒక్కరికి చెప్పు. మీ కాలేజీలో తెలుగు సీనియర్లు తప్పకుండా ఉంటారు. ఎన్ఐటీల్లో సగం సీట్లు బయటి రాష్ట్రాలవాళ్ళవే, మన రెండు రాష్ట్రాలవాళ్ళు లేని ఎన్ఐటీ నేనైతే చూడలేదు. మెస్‌లో తెలుగు వినబడిన టేబుల్ దగ్గరికెళ్ళి కూర్చో.

లెక్కల_మాస్టారు_తెనాలి
అక్టోబరు 8, మధ్యాహ్నం 2:10

ఒప్పుకుంటాను. మనిషి ముందు.

వరంగల్_అక్క
అక్టోబరు 8, రాత్రి 8:20

ఫైనలియర్ చదువుతున్నాను, అమ్మాయిల హాస్టల్‌లో మా ఫ్లోర్ సంగతి వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

మేం సెకండియర్‌లో ఉన్నప్పుడు కింద జూనియర్లు చాలామంది ఫస్ట్ మిడ్ తర్వాత ఏడుస్తూ కనిపించేవాళ్ళు. ఓదార్చేవాళ్ళం, టీ తాగేవాళ్ళం, మర్నాడు మళ్ళీ అదే. ఓదార్పు ఆ రాత్రి వరకే పనిచేస్తుందని అప్పుడు అర్థమైంది. ఏడవడానికి కారణం చదువైతే పరిష్కారంలోనూ చదువు ఉండాలి కదా. అందుకని డిన్నర్ అయ్యాక తొమ్మిది నుంచి పదిన్నర దాకా కామన్ రూమ్‌లో కూర్చోవడం మొదలుపెట్టాం.

కొన్ని పద్ధతులు వాటంతటవే కుదిరాయి. సీనియర్ పాఠం చెప్పదు. జూనియర్లలో ఒకరు లేచి బోర్డు మీద ఒక లెక్క చేస్తారు, ఎక్కడ ఆగిపోతే అక్కడ అందరం ఆలోచిస్తాం. బాగా వచ్చినవాళ్ళు ముందు లేవకూడదు. బాగా వచ్చినవాళ్ళు ముందు చేసేస్తే రానివాళ్ళు "అర్థమైంది" అని తల ఊపి రూముకెళ్ళి ఏడుస్తారు. అదే రానివాళ్ళు ముందు లేస్తే ఎక్కడ చిక్కుందో అందరికీ కనబడుతుంది, చాలాసార్లు ఆ చిక్కు సగం మందిదీ అవుతుంది. భాష పట్టింపు లేదు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఏది నోటికొస్తే అది. ఒకమ్మాయి పాయింటర్లు మొత్తం తెలుగులో చెప్తే పక్కనున్న ఒడియా అమ్మాయికి బోర్డు మీద బొమ్మ చూసే అర్థమైంది.

సీ విషయంలో ఒక్కటి తప్పనిసరి చేశాం: కంప్యూటర్ ముట్టుకునే ముందు ఫర్ లూప్‌ని కాగితం మీద నడపాలి. ఐ విలువ ఎంత, సమ్ ఎంత, ప్రతి వరసా రాయాలి. ఈ ఒక్క అలవాటుతో ఫెయిలయ్యేవాళ్ళు పాసవడం చూశాను.

ఇంకో విషయం. పదిన్నరకి పుస్తకాలు మూసేశాక ఎవరూ వెంటనే వెళ్ళరు. ఓ పావుగంట ఊరికే కూర్చుంటారు. మాకు ఎన్నో విషయాలు ఆ పావుగంటలోనే తెలిశాయి, ఒకరింట్లో అమ్మకి ఆపరేషన్ అని, ఇంకొకరు ఫీజు కట్టలేదని. "ఎలా ఉన్నావు" అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. పక్కన కూర్చుని పని చేస్తుంటే చెప్తారు.

తమ్ముడూ, మీ వింగ్‌లో ఇలాంటిది లేకపోతే నువ్వే మొదలుపెట్టు. నీ ఇద్దరు రూమ్మేట్లు చాలు. వాళ్ళకి నీ ఇంటర్ లెక్కలు పనికొస్తాయి, నీకు వాళ్ళ హిందీ పనికొస్తుంది.

సిక్కోలు_కుర్రాడు
అక్టోబరు 9, సాయంత్రం 5:45

ఇంతమంది రాస్తారనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. సివిల్ అన్న చెప్పినట్టు క్లాసు సగటు కనుక్కున్నాను, 14. తొమ్మిది తక్కువే, కానీ నేను అనుకున్నంత చివర లేను. పట్నా అబ్బాయికి 10 వచ్చాయట. నేను చెప్పాకే వాడు చెప్పాడు. ఇన్నాళ్ళూ ఇద్దరం పక్కపక్క మంచాల మీద ఒకే బాధతో పడుకున్నాం.

వరంగల్ అక్కా, ఈ రాత్రి ముగ్గురం కూర్చుంటున్నాం. తెలుగు సీనియర్ల గ్రూపు ఒకటుందని తెలిసింది. కానీ అందులో చేరితే హిందీ, ఇంగ్లీషు ఎప్పటికీ రావు, దూరంగా ఉండమని ఒకాయన అన్నారు. నిజమా?

బెంగళూరు_ఉద్యోగి
అక్టోబరు 9, రాత్రి 7:00

కొంతవరకు నిజం. మేం నాలుగేళ్ళూ మనవాళ్ళతోనే తిరిగాం. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు నోరు పెగల్లేదు. అలా చుట్టూ గోడ కట్టుకోవద్దు.

కరీంనగర్_సీనియర్
అక్టోబరు 9, రాత్రి 7:40

అది నాలుగేళ్ళ మాట, బ్రదర్. ఈ అబ్బాయి వెళ్ళి రెండు నెలలైంది. రోజుకి ఒక గంట తన భాషలో గొంతు విప్పి మాట్లాడితేనే మిగతా రోజంతా పరాయి భాషను మోయగలుగుతాడు. గ్రూపులో చేరు తమ్మీ, భోజనం వాళ్ళతో చెయ్. ల్యాబ్ పార్ట్‌నర్‌గా మాత్రం వేరే రాష్ట్రం అబ్బాయిని పెట్టుకో.

ఒక హెచ్చరిక. తెలుగు సీనియర్లయినా సరే, ఇంట్రో పేరుతో రాత్రిపూట పిలిచి అవమానిస్తే అది ర్యాగింగే. యూజీసీ 2009 నిబంధనలు మనవాడికీ పరాయివాడికీ ఒక్కటే. హెల్ప్‌లైన్ 1800-180-5522.

ఆదోని_నాన్న
అక్టోబరు 10, ఉదయం 7:30

నేను పెద్దగా చదువుకోలేదు, మా అమ్మాయి రాసి పెట్టమంటే రాస్తోంది. బాబూ, మీ నాన్నగారి గురించి నువ్వు రాసింది విని ఆగలేకపోయాను.

తండ్రి "బాగా రాశావా" అని అడిగేది మార్కుల కోసమే అనుకుంటారు పిల్లలు. మాకు ఇంకేం అడగాలో తెలియదు నాయనా. ఐగెన్ అంటే ఏమిటో నాకు తెలియదు, మీ హాస్టల్ ఎలా ఉంటుందో తెలియదు. "తిన్నావా", "బాగా రాశావా", ఈ రెండే నాకు తెలిసిన ప్రశ్నలు. మా పెద్దవాడు చెన్నైలో చదివేటప్పుడు ఒక సబ్జెక్టు పోయిందని ఏడాది దాచాడు. పరీక్ష పోయినందుకు నాకు బాధ లేదు. ఏడాదిపాటు వాడొక్కడే మోశాడే అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

మీ నాన్నకి చెప్పు. తిడతారేమో, రెండు రోజులు ముభావంగా ఉంటారేమో. మూడో రోజు ఫోన్ చేస్తారు.

పాలమూరు_పిల్ల
అక్టోబరు 14, రాత్రి 9:10

ఇక్కడే అడుగుతున్నా, కొత్త చర్చ పెట్టడానికి టైమ్ లేదు. మా రూమ్మేట్ గురించి. ఖమ్మం వైపు అమ్మాయి, చాలా తెలివైనది. మిడ్స్ తర్వాత రెండు వారాల నుంచీ క్లాసుకి సరిగా రావడం లేదు. మెస్‌కి రాదు, నేను తెచ్చినా సగం వదిలేస్తుంది. రాత్రంతా మేలుకునే ఉంటుంది. నిన్న తన డ్రాఫ్టర్, కొత్త కాలిక్యులేటర్ నాకిచ్చేసి "నాకిక అవసరం లేదు" అంది. కాలేజీ మానేస్తానని అంటోందేమో అనుకున్నా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేనేం చెయ్యాలి? వరంగల్ అక్క చెప్పినలాంటి చదువు గంటలో కూర్చోబెడితే సర్దుకుంటుందా?

సైకియాట్రీ_పీజీ_గుంటూరు
అక్టోబరు 14, రాత్రి 9:26

చెల్లెమ్మా, ముందు ఇది పూర్తిగా చదువు, చదివాక వెంటనే తన దగ్గరికి వెళ్ళు.

రెండు వారాలుగా నిద్ర, తిండి, చదువు మూడూ దెబ్బతినడం, పైగా వస్తువులు ఇచ్చేయడం, "ఇక అవసరం లేదు" అనడం. దీన్ని మార్కుల దిగులుగా తీసుకోకూడదు. చదువు గంటతో సర్దుకునేది కాదు. తనని ఈ రాత్రి ఒంటరిగా వదలకు.

సూటిగా అడుగు: "చనిపోవాలనే ఆలోచన వస్తోందా?" ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే మోస్తున్న బరువు బయటికి చెప్పుకునే వీలు దొరుకుతుంది. తను చెప్పేటప్పుడు వాదించకు, "అమ్మానాన్నల గురించి ఆలోచించు" అని అపరాధభావం పెంచకు. విను.

ఒట్టు సంగతి. ప్రాణానికి సంబంధించిన విషయంలో ఒట్టు నిలబెట్టుకోనక్కర్లేదు. "నువ్వంటే నాకు ఇష్టం, అందుకే పెద్దవాళ్ళకి చెప్తున్నాను" అని తనకి చెప్పే వార్డెన్‌కి చెప్పు. వార్డెన్ తేలిగ్గా తీసుకుంటే ఆ పైవాళ్ళకి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తను మాట్లాడకపోతే నువ్వే చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు. ఇప్పటికిప్పుడు ప్రమాదం అనిపిస్తే 108కి చేసి, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

నువ్వు తన స్నేహితురాలివి, డాక్టర్‌వి కాదు. తనని సరైనవాళ్ళ దగ్గరికి చేర్చడం వరకే నీ పని. అది చిన్న పని కాదు.

వరంగల్_అక్క
అక్టోబరు 14, రాత్రి 9:31

చెల్లీ, వెళ్ళు. వార్డెన్‌తో ఒంటరిగా మాట్లాడడానికి భయమైతే ఫ్లోర్‌లో ఇంకో అమ్మాయిని తోడు తీసుకెళ్ళు. మేం ఇక్కడే ఉంటాం.

పాలమూరు_పిల్ల
అక్టోబరు 15, ఉదయం 6:20

అడిగాను. అవునంది. చాలాసేపు ఏడ్చింది. వార్డెన్ మేడమ్‌కి చెప్పాం. నేను భయపడినట్టు కోప్పడలేదు, రాత్రంతా మాతోనే ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు తెల్లవారకముందే ఖమ్మంలో బయలుదేరారు. పగలు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారట. ముందు నా మీద కోపంగా ఉంది. ఇప్పుడు నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. నేనింకా వణుకుతూనే ఉన్నా.

సైకియాట్రీ_పీజీ_గుంటూరు
అక్టోబరు 15, ఉదయం 6:45

చెయ్యాల్సిందే చేశావు. ఇప్పుడు నీ సంగతి. ఈ రోజు క్లాసుకి వెళ్ళకు, తిని నిద్రపో, ఇంటికి ఫోన్ చేసి జరిగింది మీ అమ్మతో చెప్పుకో. పక్కవాళ్ళని ఆదుకున్నవాళ్ళకి కూడా తర్వాత నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుంది. అది తగ్గకపోతే నువ్వూ కౌన్సెలర్‌ని కలువు.

నిర్వాహకులు
అక్టోబరు 15, ఉదయం 9:00

ఆ అమ్మాయి వివరాలు ఎవరూ అడగవద్దని మనవి. 14416 నంబర్‌ని వేదిక పైభాగంలో శాశ్వతంగా పెట్టాం. ఈ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది.

న్యాయవిద్యార్థి_విశాఖ
అక్టోబరు 15, సాయంత్రం 4:30

అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. విశాఖలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. పరీక్షల సమయంలో, కొత్త చదువులోకి మారే సమయంలో చిన్న చిన్న బృందాలకు మెంటర్లను కేటాయించాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో కనబడేలా రాసి పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు.

కాబట్టి కౌన్సెలర్ కావాలని అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు. మీ హాస్టల్ నోటీసు బోర్డు మీద నంబర్ లేకపోతే పదిమంది సంతకాలతో ఒక కాగితం రాసి ఇవ్వండి. మంచి నమూనాలూ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో సన్‌షైన్ అనే కౌన్సెలింగ్ విభాగంతో కలిసి సీనియర్ విద్యార్థులే మెంటర్లుగా పనిచేస్తారు.

థర్డ్‌ఇయర్_సివిల్
అక్టోబరు 16, రాత్రి 8:50

సిక్కోలు తమ్ముడికి, ఇంకా డబ్బు గురించి దిగులుపడే ఎన్ఐటీ జూనియర్లకి. కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ఆదాయంతో సంబంధం లేకుండా పూర్తి మాఫీ. ఆదాయ ధ్రువపత్రం కొత్తది ఉండాలి. చాలామంది నాన్నలు ఇది తెలియక అప్పు చేస్తారు.

ఇంగ్లీషు అడ్డమయ్యేవాళ్ళకి రెండు దారులు. ఏఐసీటీఈ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఫస్టియర్ ఇంజనీరింగ్ పుస్తకాలు కొన్ని తెలుగులో ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ వీడియో పాఠాలు కొన్నిటికి తెలుగు అనువాదాలున్నాయి. పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి తెలుగులో అర్థం చేసుకున్న రోజే ఇంగ్లీషులో ఒకసారి రాసి చూసుకో.

సిక్కోలు_కుర్రాడు
నవంబరు 9, రాత్రి 9:55

చాలా రోజులైంది. పాలమూరు అక్క పోస్టులు చదివాక నా సంగతి రాయాలంటే చిన్నగా అనిపించింది. అయినా ఏమైందో చెప్పాలి కదా.

నాన్నకి చెప్పాను. దీపావళి రోజు ఫోన్‌లో చెప్పేశాను, 9 అని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి టికెట్ దొరకలేదన్నది?" అని అడిగారు. అదీ చెప్పాను. "ఊరోళ్ళ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు భోజనం మానకు" అన్నారు. ఆదోని నాన్నగారు చెప్పినట్టు మూడో రోజు కాదు, మర్నాడే ఫోన్ చేశారు. ఇప్పుడు అమ్మ కూడా ఏ లెక్క చేశావని అడుగుతోంది, అర్థం కాకపోయినా వింటోంది.

మా ముగ్గురి గంట ఇప్పుడు ఏడుగురిదైంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో నాతో ఉన్న కేరళ అబ్బాయి కూడా వస్తున్నాడు. క్విజ్‌లో మ్యాథ్స్ 10కి 7. సీ ఇంకా కష్టంగానే ఉంది, పాయింటర్లు పట్టుబడలేదు. డ్రాయింగ్ షీట్లు అన్నీ ఇచ్చేశాను, ఆలస్యానికి మార్కులు కోశారు. కొన్ని రాత్రులు ఇప్పటికీ నిద్ర రావడం లేదు. కౌన్సెలర్‌ని ఒకసారి కలిశాను, ఆవిడకి తెలుగు రాదు గానీ నెమ్మదిగా విన్నారు. మళ్ళీ వెళ్తాను.

ఒక ప్రశ్న. ఎండ్ సెమ్ దగ్గరపడింది. సీ, మ్యాథ్స్ రెండూ సమానంగా చదవాలా, మ్యాథ్స్ మీదే ఎక్కువ పెట్టాలా?

పాలమూరు_పిల్ల
నవంబరు 10, ఉదయం 7:05

చిన్నదేం కాదు, నువ్వు రాయడం వల్లే నేనిక్కడికి వచ్చి అడగగలిగాను. మా రూమ్మేట్ ఇంట్లో ఉంది, మందులు వాడుతోంది, వారం వారం డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. నిన్న వీడియో కాల్‌లో నవ్వింది. హాజరు గురించి భయపడుతోంది. మాది జేఎన్‌టీయూహెచ్ కిందకి వస్తుంది, ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వరంగల్_అక్క
నవంబరు 10, ఉదయం 9:40

చెల్లీ, హాజరు 75 శాతం ఉండాలి. 65కి 75కి మధ్య ఉంటే ఆరోగ్య కారణాల మీద మెడికల్ సర్టిఫికెట్, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరును మన్నించడం) అడగొచ్చు. డాక్టర్ ఇచ్చిన కాగితాలన్నీ వాళ్ళ నాన్నగారిని జాగ్రత్త చెయ్యమను, హెచ్ఓడీకి ఇప్పుడే ఒక లెటర్ ఇప్పించండి, సెమ్ చివరిదాకా ఆగొద్దు. 65 కూడా రాకపోతే ఈ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సి వస్తుంది. అలా చదివి మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు, తను సిద్ధంగా ఉన్నప్పుడు మాట్లాడిస్తాను. తిరిగొచ్చాక తన నోట్సు ఖాళీల గురించి నువ్వు బెంగపడకు, ఫ్లోర్‌లో తలా ఒక సబ్జెక్టు పంచుకోండి.

థర్డ్‌ఇయర్_సివిల్
నవంబరు 10, రాత్రి 10:15

తమ్ముడూ, సీ మీదే ఎక్కువ పెట్టు. మ్యాథ్స్ దారిలో పడింది, రోజుకి గంట చాలు. సీలో పాయింటర్లు పక్కనపెట్టి ముందు అర్రేలు, ఫంక్షన్లు, స్ట్రింగులు గట్టిచేసుకో. పాస్ మార్కులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. చివరి వారంలో పాయింటర్లు నేను వీడియో కాల్‌లో చెప్తాను, ఏడుగురినీ కూర్చోబెట్టు. మీ డిపార్ట్‌మెంట్ పాత పేపర్లు తెలుగు సీనియర్ల దగ్గర దొరుకుతాయి, దొరికినవి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు, ఏ ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయో కలిసి చూద్దాం. ఆదివారం సాయంత్రం నాకు ఖాళీ.

సిక్కోలు_కుర్రాడు
నవంబరు 10, రాత్రి 10:22

ఆదివారం ఆరింటికి సరేనా అన్నా? పేపర్లు రేపు మెస్‌లో అడిగి తీసుకుంటాను.